చందా కట్టిన చదువరులు

ఉద్యోగాల్లో కుదురుకున్న నలుగురు స్నేహితులు సంక్రాంతికి సొంతూళ్లో కలిస్తే ఈమధ్య తరచు వినిపిస్తున్న మాట ఒకటుంది: ‘మన ఊరి పిల్లల చదువుకు ఏదైనా చేద్దాంరా!’ అది మనసులోంచి వచ్చిన మాటే. తలా కొంత వేసుకుని బ్యాగులు, నోటుబుక్కులు పంచుతారు. మరుసటి ఏడు ఒకరు విదేశం వెళ్తారు, ఇంకొకరికి ఇంటి అప్పు మొదలవుతుంది. మూడో ఏడు పంచడానికి ఎవరూ మిగలరు. పిల్లలకు మాత్రం మూడో ఏడూ జూన్‌ నెల వస్తుంది.

అందుకే కొందరు యువకులు మరో దారి ఆలోచిస్తున్నారు. ఏటేటా చేయి చాచనక్కర లేకుండా చిన్న వ్యాపారమొకటి పెట్టి, దాని రాబడితోనే అది నడిచేలా చూసుకుంటూ, చదువును బీదింటికి అందే ధరకు తేవాలని. బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకును స్థాపించిన మహమ్మద్‌ యూనస్‌ దీన్నే సామాజిక వ్యాపారం అన్నారు. పెట్టుబడి పెట్టినవారు తమ సొమ్ము తాము వెనక్కి తీసుకోవచ్చు. అంతకు మించి ఆశించరాదు, మిగులంతా మళ్లీ ఆ పనికే. యూనస్‌కు, ఆ బ్యాంకుకు కలిపి 2006లో నోబెల్‌ శాంతి బహుమతి వచ్చింది. అటువంటి పనికి తెలుగునాట కొందరు మిత్రులు అప్పటికి సరిగ్గా నూరేళ్ల కిందటే పూనుకున్నారు.

1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు- అందరూ ముప్పై లోపు వయసువారే. అప్పటికి తెలుగులో కావ్యాలకు, పురాణాలకు కొదవ లేదు. దేశచరిత్రో రసాయన శాస్త్రమో చదవాలంటే మాత్రం ముందు ఇంగ్లిషు రావాలి. ఇంగ్లిషు రావాలంటే పట్నంలో ఉండి చదివే స్తోమత కావాలి. ఆ రెండూ లేనివారి ముందు తలుపు మూసే ఉండేది. లక్ష్మణరావుకు ఆ సంగతి ఇంట్లోనే తెలిసి ఉంటుంది. ఆయన అక్క భండారు అచ్చమాంబ బడిమెట్లు ఎక్కలేదు. తమ్ముడి చదువు వెంట తానూ నేర్చుకుని, స్త్రీల జీవిత చరిత్రలను ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’గా రాశారు. మండలి పుట్టడానికి ముందటేడే, 1905లో ఆమె కన్నుమూశారు.

మిత్రులు పుస్తకాలు పంచిపెట్టలేదు, అమ్మారు. చందాదారులను చేర్చుకున్నారు. 1907లో గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్‌ చరిత్రతో మొదలుపెట్టి లక్ష్మణరావు చరిత్ర గ్రంథాలు, ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం, ఇంకా పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం వరసగా తెచ్చారు. నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చారు. ఆ నవలల కోసం చందా కట్టినవారి చేతికే శాస్త్ర గ్రంథమూ చేరేది. కథ కోసం చెయ్యి చాచిన పాఠకుడు తీరిగ్గా శాస్త్రం పుటలూ తిప్పుతాడని వారు నమ్మి ఉంటారు. మునగాల సంస్థానాధిపతి నాయని వెంకట రంగారావు వంటి పెద్దల అండ ఉన్నా, దాని మీదే ఆధారపడకుండా పాఠకుణ్ని నమ్ముకోవడమే ఆ పనిలోని గొప్పదనం. చందా కట్టినవాడికి అడిగే హక్కు వస్తుంది. ‘ఈ నెల పుస్తకం రాలేదేం?’ అని నిలదీస్తూ ఉత్తరం రాయగలడు. ఉచితంగా పుచ్చుకున్నవాడు అలా అడగలేడు, ఇచ్చినదానికి నమస్కారం పెట్టి ఊరుకుంటాడు.

స్నేహితులు కలిసి పెట్టిన సంస్థలకు వచ్చే కష్టాలన్నీ మండలికీ వచ్చాయి. 1908లో ‘స్వరాజ్య’ పత్రికలో అచ్చయిన వ్యాసానికి గాడిచర్లను జైల్లో పెట్టారు. మండలి మద్రాసుకు తరలింది. 1910లో రావిచెట్టు రంగారావు చిన్న వయసులోనే పోయారు. ఆ ఏడే చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగాన్ని మండలి వెలువరించింది. ఒక మనిషి లేకపోతే ఆగిపోయేలా ఆ పనిని కట్టుకోలేదు కాబట్టే అది సాగింది.

మన కాలంలోనూ అటువంటి ఉదాహరణ ఉంది. గీతా రామస్వామి, సి.కె.నారాయణరెడ్డి తదితరులు కలిసి 1980లో ప్రారంభించిన హైదరాబాద్‌ బుక్‌ ట్రస్ట్‌ లాభం కోసం కాక, మామూలు పాఠకుడికి అందే ధరకు తెలుగు పుస్తకం ఉండాలన్న పట్టుదలతో నడిచింది. సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ కాలేజీ హాస్టళ్లలో చేతులు మారుతూ తిరగడానికి ఆ ధరా ఒక కారణమే.

ఇవాళ కొత్తగా పూనుకునే మిత్రులు ముందు చూడవలసింది తమ దగ్గరున్న ఆలోచనను కాదు, పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడన్నది. జూన్‌లో ఏ చిన్న పట్నంలోనైనా పుస్తకాల దుకాణం దగ్గర కాసేపు నిలబడితే కొంత తెలుస్తుంది. బడివారిచ్చిన చీటీ పట్టుకుని ఒక తల్లి వస్తుంది. దుకాణదారు నోటుబుక్కులు, అట్టలు, గైడ్లు ఒక్కొక్కటే బల్ల మీద పేర్చి మొత్తం చెబుతాడు. ఆమె ముందు గైడ్లు పక్కకు జరుపుతుంది. తరవాత జామెట్రీ బాక్సు. ‘అన్నది ఉందిలెండి, అదే వాడుకుంటాడు’ అంటుంది. సగం ఇప్పుడిచ్చి, మిగతా సగం పై నెల ఇస్తానని అడగడానికి మాట వెతుక్కుంటుంది. ఆమెకు కావలసింది విరాళం కాదు, పై నెల దాకా వాయిదా. ఇంకో ఊళ్లో ఇబ్బంది డబ్బుది కాకపోవచ్చు. ఏడో తరగతి అయిన ఆడపిల్లకు హైస్కూలు ఉన్న ఊరికి బస్సు లేకపోవచ్చు. మరోచోట ఇంట్లో లెక్కలు చెప్పేవారు లేకపోవచ్చు, రాత్రి చదువుకోవడానికి నిశ్శబ్దంగా ఉండే గది లేకపోవచ్చు. వాయిదాల మీద పుస్తకాలిచ్చే దుకాణం, ఆడపిల్లల కోసం నెలవారీ ఆటో, సాయంత్రం చదువుల గది- ఇవి మూడూ వేర్వేరు వ్యాపారాలు. వీటన్నిటికీ ఒక యాప్‌తో జవాబు చెప్పబోతే ఆ తల్లికి అందేది మళ్లీ సగమే.

తరవాతది జమాఖర్చు. స్నేహితుల మధ్య డబ్బు మాట ఎత్తడం మనకు మొహమాటం. ‘మనలో మనకు లెక్కలేమిట్రా’ అనడంలో ఎంతో ప్రేమ ఉంది. కానీ ఆ మాట దగ్గరే చాలా మంచి పనులకు బీటలు పడ్డాయి. ఎవరు ఎంత పెట్టారు, ఉద్యోగం మానుకుని పూర్తి సమయం ఇస్తున్నవాడికి జీతమెంత, మధ్యలో తప్పుకుంటే ఏమిటి- ఇవన్నీ మొదటి రోజే కాగితం మీద పెట్టుకోవాలి. ముఖ్యంగా ఆ జీతం సంగతి. పనంతా మోస్తున్న ఒక్కడూ ఇంట్లో మాట పడుతూ లోలోపల నలిగిపోవడం, మిగతావారు సెలవులకు వచ్చి సలహాలిచ్చి వెళ్లడం న్యాయం కాదు. 2013 నాటి కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్‌ ఇటువంటి పనుల కోసమే ఉంది. దాని కింద నమోదైన సంస్థ ఆదాయం సంపాదించుకోవచ్చు, సభ్యులకు డివిడెండు పంచరాదు. మిత్రులు ఒకరికొకరు చేసుకున్న బాసకు చట్టం తోడవుతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత విద్య 2010 ఏప్రిల్‌ ఒకటి నుంచి అమల్లో ఉన్న చట్టబద్ధమైన హక్కు. బడి నడపాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఏ స్నేహబృందమూ ఆ బరువు తలకెత్తుకోలేదు, ఎత్తుకోకూడదు కూడా. బడికి, ఇంటికి నడుమ మిగిలిపోయిన ఖాళీల్లోనే ఈ మిత్రులకు పని ఉంది. ఆ ఖాళీలు ఎక్కువగా అతి బీద ఇళ్ల దగ్గరే ఉంటాయి. రుసుము సక్రమంగా కట్టగలవారు పెరిగేకొద్దీ సంస్థ చూపు మెల్లగా వారివైపే మళ్లుతుంది. ఎవరూ కావాలని చేయరు, నెలాఖరు జీతాల ఒత్తిడి అలా చేయిస్తుంది. కట్టలేనివారికి ఎన్ని చోట్లు కేటాయించారో ఏటా లెక్కలతోపాటే ఊరికి చదివి వినిపించే నియమం పెట్టుకుంటే ఆ మళ్లింపు ముందే కంటపడుతుంది.

ప్రభుత్వాలు ఈ మిత్రబృందాలకు గ్రాంట్లు ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఒక గది ఇస్తే చాలు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున ప్రజలు గ్రంథాలయాల కోసం సెస్సు కడుతున్నారు. ఆ సొమ్మును స్థానిక సంస్థలు సకాలంలో గ్రంథాలయాలకు జమచేసి, ఊరి గ్రంథాలయాన్ని సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఇటువంటి బృందాలకు తెరిచి ఉంచవచ్చు. కరెంటు, కుర్చీలు, మంచినీళ్లు అక్కడే ఉంటాయి. అద్దె మిగిలితే ఆ మేరకు పిల్లల రుసుము తగ్గుతుంది. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఈ జూన్‌ నుంచే జిల్లాకు కనీసం ఒక్కచోటైనా దీన్ని మొదలుపెట్టాలి.