మెడ మీది నలుపును రుద్దకండి

ఏడెనిమిదేళ్ళ పిల్లాడి మెడ వెనక నల్లగా, మందంగా ఒక పట్టీ కనిపిస్తే చాలామంది తల్లులు శనగపిండి పెట్టి రుద్దుతారు. స్నానం సరిగ్గా చేయడం లేదని కేకలేస్తారు. ఒళ్ళు బాగా పెరిగిన పిల్లల్లో ఆ నలుపు చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. ఎంత రుద్దినా పోదు. ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి.

షుగరు పెద్దవాళ్ళ జబ్బని ఇంకా నమ్ముతూనే ఉన్నాం. 2016-18లో కేంద్రం జరిపిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం బడి వయసు పిల్లల్లో పదిమందికి ఒకరు అప్పటికే మధుమేహానికి ముందు మెట్టు మీద ఉన్నారు. దేశంలో 5 నుంచి 19 ఏళ్ళ లోపు ఊబకాయులు 1990లో నాలుగు లక్షలైతే, 2022 నాటికి కోటీ పాతిక లక్షలయ్యారని 2024లో లాన్సెట్ పత్రిక లెక్క చెప్పింది. బొద్దుగా ఉన్న బిడ్డను చూసి మురిసిపోయి, దిష్టి తీసి, ఇంకో ముద్ద పెట్టే ఇళ్ళకు ఈ లెక్క చేరాలి.

ఇంటికి చెప్పినంత గట్టిగా బడికీ చెప్పాలి. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు సగటున గంటసేపు చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ప్రాథమిక బడిలో ఆ గంట ఎక్కడుంది? 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. వ్యాయామం నేర్పే మనిషిని మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ వందమందికి పైగా పిల్లలుంటేనే, పార్ట్‌టైమ్‌గా ఇచ్చింది. ఒకటి నుంచి ఐదు వరకు ఎవరూ లేరు. పరుగూ గెంతూ ఒంటికి అలవాటయ్యే ఆ ఐదేళ్ళనూ చట్టం ఖాళీగా వదిలేసింది. ఇద్దరు టీచర్లతో నడిచే పల్లె బడిలో ఆటల పీరియడ్ ఎవరు తీసుకుంటారు?

పట్నం ప్రైవేటు బడుల సంగతి మరీ ఘోరం. అపార్ట్‌మెంటు లాంటి భవనంలో నాలుగు అంతస్తుల తరగతులు, కింద వాహనాల పార్కింగు. మూడో తరగతికే ఒలింపియాడ్ పుస్తకాలు. టైమ్‌టేబుల్‌లో ఆటలని రాసి ఉంటుంది, ఆ పీరియడ్‌లో లెక్కలు నడుస్తాయి. చట్టం అడిగిన ఆటస్థలం లేకుండా ఇన్ని బడులకు గుర్తింపు ఎలా వచ్చిందో రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ ప్రజలకు చెప్పి తీరాలి.

తిండి విషయంలో చేతిలో ఉన్న నియమాన్నే మనం వాడుకోవడం లేదు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను బడి క్యాంటీన్‌లోనూ, గేటుకు 50 మీటర్ల లోపూ అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. సాయంత్రం బెల్లు కొట్టాక ఏ బడి గేటు దగ్గరైనా నిలబడి చూడండి. దండలా వేలాడే చిప్స్ ప్యాకెట్లు, రంగు నీళ్ళ సీసాలు కనిపిస్తాయి. పావు లీటరు కోలాలో ఆరు చెంచాలకు పైగా చక్కెర ఉంటుంది. ప్రాథమిక బడి వయసు పిల్లలకు రోజు మొత్తం మీద ఐదు చెంచాలు దాటకుంటే మంచిది. 2025 మేలో సీబీఎస్‌ఈ తన బడుల్లో, ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో చూపే ‘షుగర్ బోర్డు’ పెట్టమంది. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి ప్రాథమిక బడి గోడ మీదా అలాంటిది కావాలి, తెలుగులో, చెంచాల బొమ్మలతో. మూడో తరగతి పిల్లలు ప్యాకెట్ వెనక అంకె చదివి, ఎన్ని చెంచాలో లెక్కగట్టగలరు. అది లెక్కల పాఠమే కదా!

దేశానికంతా తిండి మార్గదర్శకాలు రాసే జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. 2024లో వెలువడ్డ ఆ మార్గదర్శకాల సారం మన ఒకటో తరగతి బొమ్మల పుస్తకం దాకా రావాలి. మధ్యాహ్న భోజనంలో ఇస్తున్న గుడ్డు, రాగిజావ మంచి పని. అవి ఎందుకు పెడుతున్నారో వడ్డించే పూట రెండు మాటలు చెబితే ఆ పూటే పాఠమవుతుంది.

ఒక జాగ్రత్త. లావుగా ఉన్న పిల్లలను విడిగా నిలబెట్టి పరుగెత్తించకూడదు. సింగపూర్ 1992లో ‘ట్రిమ్ అండ్ ఫిట్’ పేరుతో అధిక బరువు పిల్లలకు వేరుగా వ్యాయామం పెట్టింది. వాళ్ళు తోటివారి ఎగతాళికి గురయ్యారు. 2007లో ఆ పథకాన్ని ఆపేశారు. ఆట అందరికీ ఒకటే కావాలి. తొక్కుడుబిళ్ళ, ఖోఖో, ఏడు పెంకులాటకు ఖర్చేమీ లేదు. ఎదిగే పిల్లలను డైటింగ్ పేరుతో పస్తులుంచడం అంతకన్నా ప్రమాదం. అదే తరగతిలో రక్తహీనతతో పాలిపోయిన పిల్లలూ ఉంటారని మరిచిపోవద్దు.

తల్లిదండ్రులారా, వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కంటే ముందు టైమ్‌టేబుల్ అడగండి. నిన్న ఆటల పీరియడ్ జరిగిందా అని టీచరునూ, మీ బిడ్డనూ ఒకేచోట అడగండి. గేటు దగ్గర అమ్మకాల గురించి జిల్లా ఆహార భద్రత అధికారికి పదిమంది కలిసి సంతకాలు చేసి ఫిర్యాదు ఇవ్వండి. ప్రభుత్వాలు వచ్చే బడ్జెట్‌లోనే ప్రతి ప్రాథమిక బడికీ, కనీసం నాలుగైదు బడులకు కలిపి ఒకరినైనా, వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలి.