అన్నమయ్య పదం, మొన్నటి బాణీ

రేవతి రాగంలో ‘నానాటి బతుకు నాటకము’ వినగానే అన్నమయ్య పాట అంటాం. అందులో సగమే నిజం. సాహిత్యం అన్నమయ్యదే గానీ, మన చెవుల్లో నిలిచిపోయిన ఆ బాణీ నేదునూరి కృష్ణమూర్తిది. మాటలకు అయిదొందల ఏళ్లు దాటాయి కనుక ఎవరైనా అచ్చేసుకోవచ్చు, పాడుకోవచ్చు. బాణీ సంగతి వేరు. స్వరకర్త బతికినంత కాలం, ఆపైన మరో 60 ఏళ్లు దానికి కాపీరైట్ రక్షణ ఉంటుంది. నేదునూరి 2014లో కన్నుమూశారు. అంటే 2074 చివరి దాకా ఈ బాణీ చట్టం నీడలోనే ఉంటుంది.

తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి, స్వరాలు లేవు. కాబట్టి ఇవాళ వింటున్న అన్నమయ్య సంగీతంలో చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసుల సృష్టి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆ దారి వేశారు. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ఒక్కరే వందల కీర్తనలకు బాణీలు కట్టారు. ‘వినరో భాగ్యము’ ఆయనదే. 2025 మార్చిలో ఆయన పోయారు. ఆ బాణీల గడువు 2085 దాకా సాగుతుంది. అయినా యూట్యూబ్ వీడియోల కింద ‘రచన: అన్నమాచార్య’ అని ఉంటుంది తప్ప బాణీ కట్టినవారి పేరు చాలాచోట్ల కనపడదు. హక్కులు అమ్ముకున్నా సరే, తన కృతికి కర్తగా చెప్పుకునే హక్కు సృష్టికర్తకు మిగులుతుందని కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ చెబుతోంది. దాన్ని పట్టించుకునేవారేరీ?

మాట, బాణీల తర్వాత మూడో పొర రికార్డింగ్. విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్ల పాటు అది దాని యజమానిది. యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీకి ప్రధానంగా అందే సరుకు ఇదే. హక్కుదారు ఇచ్చిన నమూనాతో కొత్త వీడియోలను యంత్రం పోల్చి చూస్తుంది. పోలిక దొరికితే వీడియోను ఆపడమో, ప్రకటనల డబ్బు మళ్లించడమో జరుగుతుంది. మాట ఎవరిది, బాణీ ఎవరిది, గొంతు ఎవరిది అన్న తేడా దానికి తెలియదు.

2018లో పియానో వాద్యకారుడు జేమ్స్ రోడ్స్‌కు ఇలాంటిదే ఎదురైంది. బాఖ్ సంగీతాన్ని తానే వాయించి ఫేస్‌బుక్‌లో పెడితే, అందులో 47 సెకన్లు సోనీ మ్యూజిక్ సొత్తని శబ్దం నొక్కేశారు. బాఖ్ పోయింది 1750లో! గోల చేశాకే ఆ క్లెయిమ్ వదిలారు. రోడ్స్‌కు అభిమానుల దండు ఉంది. గుంటూరులోనో డాలస్‌లోనో త్యాగరాజ కీర్తన పాడి పెట్టే సంగీతం టీచరుకు ఎవరున్నారు?

మన చట్టం ఈ విషయంలో మరీ గుడ్డిది కాదు. హక్కుదారు ఫిర్యాదుపై ఒక వెబ్‌సైట్ దేన్నైనా ఆపితే, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి తెరవవచ్చు. ఆధారం లేని బెదిరింపులపై కోర్టుకెళ్లే దారి 60వ సెక్షన్‌లో ఉంది. చిక్కేమిటంటే, కంటెంట్ ఐడీ క్లెయిమ్ చాలాసార్లు చట్టపరమైన ఫిర్యాదు దాకా రానేరాదు. యూట్యూబ్‌కూ రికార్డింగ్ లేబుల్‌కూ మధ్య కుదిరిన సొంత ఏర్పాటు అది. అభ్యంతరం చెబితే, జవాబివ్వడానికి క్లెయిమ్ చేసినవారికే 30 రోజుల గడువు. తీర్పరీ వాదీ ఒకరే అయిన పంచాయతీలో మామూలు గాయని నోరెత్తుతుందా?

అన్నమయ్య విషయంలోనైనా తిరుమల తిరుపతి దేవస్థానం చొరవ తీసుకోవాలి. బాణీలు కట్టినవారిలో పలువురు దేవస్థానం కొలువులో పనిచేసినవారే. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. కనుక ఏ బాణీ ఎవరు కట్టారు, ఎప్పుడు, హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది అన్న జాబితాను దేవస్థానం బహిరంగంగా పెట్టాలి. తన చేతిలో ఉన్నవాటిని లాభాపేక్ష లేకుండా పాడేవారికి ముందే అనుమతించాలి. సినిమాకో ప్రకటనకో వాడుకునేవారి దగ్గర మాత్రం రుసుము తీసుకుని, అందులో వాటా స్వరకర్తల కుటుంబాలకు పంపాలి. యూట్యూబ్ కూడా, సాహిత్యం, బాణీ రెండూ ప్రజల సొత్తయిన కీర్తనలపై తప్పుడు క్లెయిములు మళ్లీ మళ్లీ వేసే లేబుళ్లకు కంటెంట్ ఐడీ సౌకర్యాన్నే తీసేయాలి.