పానా పట్టిన చేతికి పదో తరగతి

చిన్న పరిశ్రమలకు అక్కరకొచ్చే విధంగా ప్రభుత్వ విద్యను సంస్కరించాలని ఈ మధ్య ప్రతి సభలోనూ వింటున్నాం. ఆ మాటతో నాకు పేచీ లేదు. అయితే ఆ పెద్దలు ఒక్కసారి విజయవాడ ఆటోనగర్‌కు వచ్చి, రేకుల షెడ్డు కింద పానా పట్టిన మన పిల్లవాణ్ణి చూడాలని నా మనవి.

అటువంటి కుర్రవాణ్ణి ఒకణ్ణి నిరుడు శిక్షణ కేంద్రానికి తీసుకువెళ్లాను. పద్నాలుగేళ్లకు బడి మానాడు. ఐదేళ్లలో ఇంజను విప్పి బిగించడం నేర్చాడు. గుమాస్తాగా జీవితమంతా ఫైళ్లు రాసినవాణ్ణి కనుక దరఖాస్తులో లోపం ఉండనివ్వలేదు. అక్కడి ఉద్యోగి పదో తరగతి సర్టిఫికెట్ అడిగాడు. లేదన్నాం. కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఆయన్ని తప్పుపట్టను. ఐ.టి.ఐ.లో వెల్డర్ ట్రేడుకు ఎనిమిదో తరగతి చాలు, మోటారు మెకానిక్ ట్రేడుకు మాత్రం పది పాసు కావాలి. తప్పు నిబంధనది.

ఇది కొత్తగా కనిపెట్టిన లోపం కాదు. ఐ.టి.ఐ. ప్రవేశార్హతను ఎనిమిదో తరగతికి తగ్గించాలని, మదరసాలో చదివినవారికీ అవకాశమివ్వాలని, ముస్లిములు అధికంగా ఉన్న వృత్తులపై శిక్షణ దృష్టి పెట్టాలని సచార్ కమిటీ 2006లోనే సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఇప్పటికీ మోటారు మెకానిక్ ట్రేడు గడప దాటలేదు.

అర్హత తగ్గిస్తే ప్రమాణాలు పడిపోవా అని అడుగుతారు. పడిపోకూడదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 బండ్లు వచ్చాయి. చప్పుడు విని ఇంజను రోగం పట్టే ఉస్తాద్‌కు కూడా ఇప్పుడు స్కానర్ తెర మీది కోడు చదవక తప్పదు. చదవలేని షెడ్డు పని కంపెనీ వర్క్‌షాపుకు తరలిపోతుంది. కనుక లోపలికి రావడానికి ఎనిమిది చాలనండి. బయటికి వెళ్లేలోగా సార్వత్రిక పాఠశాల ద్వారా అక్కడే పది పూర్తి చేయించండి. ఆ తరగతులు ఆటోనగర్‌లోనే, సాయంత్రం పూట నడపండి.

అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. కానీ 30 మంది, ఆపైన ఉన్న సంస్థలకే అది తప్పనిసరి. ముగ్గురు పనిచేసే షెడ్డుకు ఆ చట్టం ఊసే లేదు. పక్కపక్క షెడ్లను ఒక సమూహంగా లెక్కగట్టి, అక్కడి పిల్లలకు స్టైపెండు ఎందుకివ్వరాదు?

చేతిపని ఆధారంగా చదువు చెప్పాలన్న వార్ధా పథకాన్ని 1937లో రూపొందించిన కమిటీకి డాక్టర్ జాకిర్ హుసేన్ అధ్యక్షులు. ఆయన కోరింది పనిలో చదువు. చదువు మానిపించి పనిలో పెట్టడం కాదు. నేటి సంస్కరణ యజమానికి చవకైన చేతులను సమకూర్చడమే అయితే దాన్ని మనం నిరాకరించాలి. మన పిల్లవాడు రేపు ఆ షెడ్డుకు యజమాని కావాలి. బ్యాంకు అప్పు పత్రం, జి.ఎస్.టి. లెక్క తానే చదువుకోగలగాలి.

మన తప్పూ ఒప్పుకుందాం. "పని నేర్చుకుంటాడులే" అని తొమ్మిదో తరగతిలో బడి మానిపించిన తండ్రులం మనమే. సాయంత్రం ఆరు తర్వాత కూడా కుర్రవాణ్ణి వదలని ఉస్తాదులూ మనవారే. వారానికి మూడు సాయంత్రాలు వదిలితే షెడ్డు మూతపడదు.

సోదరులారా, వచ్చే జుమా నమాజు తర్వాత మీ మొహల్లాలో 14 నుంచి 18 ఏళ్లలోపు బడి మానిన పిల్లల పేర్లు రాయండి. ఆ జాబితాతో సోమవారం ఎన్.టి.ఆర్. జిల్లా కలెక్టరేటులో అర్జీ పెడదాం. రాసిపెట్టడానికి నేనున్నాను. రసీదు తీసుకోవడం మాత్రం మరువకండి.