రెండు తలల పాముకు కుండలో బతుకు లేదు

రెండు తలల పాము ఇంట్లో ఉంటే లంకెబిందెలు దొరుకుతాయని, పట్నంలో లక్షలు పలుకుతుందని నమ్మించే దళారులు పల్లెల్లో నేటికీ తిరుగుతున్నారు. బరువును బట్టి ధర అంటారు. ఆ మాటలు నమ్మి చేలో దొరికిన పామును కుండలోనో, గోనెసంచిలోనో దాచేవారున్నారు. బేరం కుదరక ముందే అది చస్తే అరిష్టం అని భయపడతారు. పాము చావుకు అరిష్టంతో పనిలేదు. కారణాలు వేరే ఉన్నాయి.

నిజానికి ఆ పాముకు ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది. భయపడినప్పుడు అది తలను చుట్టల్లో దాచుకుని తోకను పైకెత్తుతుంది. దానికి విషం లేదు. శాస్త్రజ్ఞులు దీన్ని బోవా అనే పాముల కోవలో చేర్చారు.

అమెరికా, ఐరోపా దేశాల్లో పెద్ద బోవాలను సరదాకు ఇళ్లలో పెంచుతారు. వాటికి ఒక పాడు అంటురోగం ఉన్నట్లు 1970ల నుంచీ తెలుసు. రోగం తగిలిన పాము తిన్నది కక్కుతుంది. తల వెనక్కి వాల్చి ఆకాశంకేసి చూస్తుంది. వెల్లకిలా పడితే తిరగలేదు. చివరకు చస్తుంది. ఒక పెంపకందారు కోరిక మీద శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పరిశోధన చేసి, 2012లో జబ్బు పాముల్లో అంతవరకు తెలియని వైరస్‌లను కనుగొన్నారు. ఈ రోగానికి మందు లేదు, టీకా లేదు. కొన్ని పాములు పైకి ఏ జబ్బూ కనబడకుండానే ఏళ్ల తరబడి రోగాన్ని మోస్తాయి. అందుకే కొత్త పామును నెలల తరబడి వేరుగా ఉంచాలని అక్కడి వైద్యులు చెబుతారు. సంతలో కొన్న గొర్రెను వెంటనే మందలో కలపకూడదని మన రైతుకు తెలిసిన సంగతి లాంటిదే ఇది.

అద్దాల పెట్టెలు, వేడి దీపాలు, పాముల వైద్యులు ఉన్నచోటే గతి ఇలా ఉంటే, మన కుండలోని పాముకు దిక్కెవరు? పాము ఒంటికి వేడి బయటి నుంచే అందాలి. అది అందకపోతే తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. మురికిలో పిడుదులు పట్టి రక్తం పీలుస్తాయి. నోరు పుండుపడుతుంది, ఊపిరితిత్తులు చెడతాయి. పాలు పాము ఆహారం కాదు. బరువు కోసం బలవంతాన మేత కుక్కితే కక్కి నీరసిస్తుంది. పైగా పాముల ఒంటి మీద ఉండే సాల్మొనెల్లా క్రిములు పట్టుకున్నవారి చేతుల ద్వారా ఇంట్లో పిల్లలకు విరేచనాలు తెప్పించగలవు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పామును పట్టడం, దాచడం, అమ్మడం నేరం. జైలు శిక్ష ఉంది. దళారి తప్పించుకుంటే కేసులో ఇరుక్కునేది పాము పట్టిన కూలివాడే. అదే పాము చేలో ఉంటే ఎలుకలను తిని పంటను కాపాడుతుంది. ఆ లాభానికి బేరం అక్కరలేదు.

అటవీశాఖ వారు అరెస్టులతో సరిపెట్టక గ్రామసభల్లోనూ, బడుల్లోనూ ఈ సంగతులు చెప్పాలి. పశువైద్య సిబ్బంది తోడు రావాలి. పాము కనిపిస్తే చంపకుండా, పట్టకుండా దాని దారిన పోనివ్వాలి. ఇంట్లో దూరితే అటవీ సిబ్బందికి కబురు చేయాలి. లక్షల ఆశ చూపే దళారి ఊళ్లోకి వస్తే, అతని సంగతి కూడా వారికే చెప్పాలి.