మిర్చి మొక్క అడిగే ప్రశ్నలకు మీ దగ్గర జవాబుందా?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మీరు చేశారా, కొన్నారా? నాకేం చెప్పక్కర్లేదు, మీ మనసులో అనుకోండి చాలు. నేనైతే కొన్నాను. ఈసీఈలో నలుగురం కలిసి డబ్బులు వేసుకుని ‘స్మార్ట్ ప్లాంట్ మానిటరింగ్ సిస్టమ్’ తెచ్చుకున్నాం. బోర్డు, సెన్సార్లు, బైండింగ్ చేసిన రిపోర్టు అన్నీ ఇచ్చారు. లేనిది ఒక్క మొక్కే.

పాసయిన ఏడు నెలలకు ఓ ఇంటర్వ్యూ వచ్చింది. ఎదురుగా కూర్చున్నాయన నా రెజ్యూమె చూసి అడిగారు: “తేమ సెన్సార్ మట్టిలో పెట్టారు కదా, ఎన్నాళ్లకు తుప్పు పట్టింది?” పట్టలేదు సార్ అన్నాను. “అయితే మట్టిలో పెట్టలేదన్నమాట” అన్నారు. అంతే, ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశాను.

ఆ వారమే మా ఊరి నుంచి అమ్మ పంపిన ఎండుమిరపకాయ ఒకటి చీల్చి పది గింజలు నాటాను. హైదరాబాద్‌లో నా గదికి కిటికీ లేదు. అందుకే ఓ అట్టపెట్టెకు లోపల వంటింటి అల్యూమినియం ఫాయిల్ అంటించి, 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ బల్బులు రెండు వేలాడదీశాను. వేడి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే మిర్చి గింజ ఒకటి రెండు వారాల్లో మొలుస్తుంది. నాకు ఏడు మొలిచాయి. మొలిచి, దారాల్లా సన్నగా సాగిపోయి పడిపోయాయి.

తప్పెక్కడ? బల్బుల్ని నాలుగడుగుల ఎత్తులో కట్టాను. దూరం రెట్టింపైతే వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుందని ఇంటర్‌లోనే చదివాను, మార్కులూ తెచ్చుకున్నాను. అది నా బల్బుకీ వర్తిస్తుందని మాత్రం తట్టలేదు. రెండోసారి అడుగు దూరానికి దించాను. ఈసారి కాండం గట్టిపడింది.

ఆ తర్వాతే వెలుగు లెక్క అర్థమైంది. డబ్బా మీద రాసే ల్యూమెన్లు మన కంటికి కనిపించే వెలుగును చెబుతాయి. మొక్క వాడుకునేది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య కాంతిని. దాన్ని మైక్రోమోల్స్‌లో లెక్కేస్తారు. చదరపు మీటరుకు సెకనుకు 300 మైక్రోమోల్స్ చొప్పున 14 గంటలు వెలిగితే రోజుకు 15 మోల్స్ అవుతుంది. నారుకు అది చాలు, కాయలు బాగా కాయాలంటే ఇంకా కావాలి. ‘వెయ్యి వాట్ల గ్రో లైట్’ అని చవగ్గా అమ్మేవి చూసి మోసపోకండి. అసలు కరెంటు ఎంత లాగుతుందో ఆ వివరాల్లో వెతకండి, చాలాసార్లు అందులో పదోవంతు ఉంటుంది.

మూడో నెలలో ఆకులు ముడుచుకున్నాయి. నేను మందు కొనడానికి రెడీ అయిపోయాను. నాన్నకు ఫోన్ చేస్తే, “ఆకు పైకి ముడిచిందా, కిందికా? ముందు అది చూసి చెప్పరా” అన్నారు. పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. నాది కిందిముడత. ఆకుల అడుగున నీళ్లతో కడిగి, వేపనూనె కలిపి కొడితే వారం పది రోజుల్లో తేరుకుంది. లక్షణం చూడకుండా మందు కొట్టకూడదని ఏ కోడింగ్ కోర్సూ నాకు ఇంత బాగా నేర్పలేదు.

ఏప్రిల్‌లో పూత రాలిపోయింది. ఈసారి ఊహించకుండా సెన్సార్ లాగ్ చూశాను. మధ్యాహ్నం పెట్టెలో 37 డిగ్రీలు. అంత వేడికి మిర్చి పూత నిలవదు. గది వేడికి బల్బుల వేడి తోడవకుండా టైమర్‌ని రాత్రికి మార్చాను. పాత సీపీయూ ఫ్యాన్ ఒకటి పెట్టాను. గాలీ ఆడింది, పూలూ కదిలి పుప్పొడి రాలింది. మిర్చి పువ్వుకు తన పుప్పొడే సరిపోతుంది, కాస్త కదలిక కావాలంతే. మొదటి కోత 11 కాయలు.

సెన్సార్ సంగతా? మూడు వారాలకే తుప్పు పట్టింది. తడిమట్టిలో కరెంటు ఆగకుండా పారితే లోహం కరిగిపోతుంది. రీడింగ్ తీసేటప్పుడు మాత్రమే కరెంటు ఇవ్వాలి, లేదంటే కెపాసిటివ్ సెన్సార్ వాడాలి. నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

‘ఇంట్లో మిర్చి సాగు, నెలకు లక్ష’ అనే వీడియోలు మీరూ చూసే ఉంటారు. నా లెక్క చెబుతా. 40 వాట్లు, 14 గంటలు, 30 రోజులు: 16.8 యూనిట్లు. మా ఓనర్ సబ్‌మీటర్‌కు యూనిట్ 8 రూపాయల చొప్పున నెలకు 134 రూపాయలు. కరెంటు డబ్బులకే రైతుబజార్లో నాకు వచ్చిన దానికి ఎన్నో రెట్లు మిర్చి వస్తుంది. పల్నాడులో ఎండ ఉచితం. ఎండ దొరకని చోట కథ వేరు. 2021లో అంతరిక్ష కేంద్రంలో నాసా ఎల్ఈడీల కిందే మిర్చి పండించింది, జులైలో మొదలుపెడితే అక్టోబరు చివర్లో తొలి కోత. మనం అక్కడ లేం. కాబట్టి వ్యాపారమని దిగొద్దు, అప్పు అసలే చేయొద్దు.

మరి ఎందుకు పెంచాలి? ప్రాజెక్టు కొన్నవాడికి స్క్రిప్టు ఉంటుంది, చేసినవాడికి తప్పుల జాబితా ఉంటుంది. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న ఎప్పుడూ ఆ జాబితా నుంచే వస్తుంది. మొక్క మీ స్లైడ్లు చూడదు, శనివారం సెలవివ్వదు, నీళ్లెక్కువైతే వేరు కుళ్లి చూపిస్తుంది.

తర్వాతి ఇంటర్వ్యూలో కొన్న ప్రాజెక్టును రెజ్యూమె నుంచి తీసేసి మిర్చి పెట్టె రాశాను. 20 నిమిషాలు దాని మీదే మాట్లాడాం. ఆ ఉద్యోగం రాలేదు. దాని తర్వాతది వచ్చింది. మిర్చి వల్లే వచ్చిందని చెప్పను. కానీ ఆ రెండు రోజులూ నాకు అబద్ధం చెప్పాల్సిన పని పడలేదు.

మీకు మిర్చే కావాలని లేదు, చేత్తో ఏదో ఒకటి చేయండి. మిర్చే అయితే ఇవాళే ఓ ఎండుమిరపకాయ చీల్చండి. పక్కనే ఓ నోట్‌బుక్ పెట్టుకుని తేదీ వేసి, ఏం పాడైందో రాయడం మొదలుపెట్టండి.