ఒక్కడే ఎక్కితే రెండు పట్లు

మన కాలేజీలో ఈ సెమిస్టర్ బండలెక్కే పిచ్చి బాగానే ముదిరింది. ఆదివారం వస్తే చాలు, భువనగిరి బస్సు పట్టుకునే బ్యాచ్ ఒకటి తయారైంది. సంతోషమే. అయితే అందులో కొందరికి ఇప్పుడో కొత్త ఆలోచన వచ్చింది. కింద నిలబడి తాడు పట్టే తోడు దొరకని రోజున, పైనుంచి తాడు వేలాడదీసుకుని ఒక్కళ్లమే ఎక్కేద్దాం అని. దీన్నే టాప్ రోప్ సోలో అంటారు. మెస్‌లో కూర్చుంటే ఒకటే చర్చ: "ఏ పరికరం కొందాం?" నా లెక్కలో అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న.

ముందు పని తీరు చూద్దాం. ఇద్దరు ఎక్కేటప్పుడు కింద ఉన్నవాడు తాడు లాగుతూ ఉంటాడు. పైవాడి చెయ్యి జారితే పట్టేస్తాడు. ఒంటరిగా ఎక్కేటప్పుడు తాడు కదలదు, పైన గట్టిగా కట్టేసి ఉంటుంది. మన నడుముకున్న హార్నెస్‌కి తగిలించిన చిన్న పరికరం తాడు మీద మనతో పాటు పైకి జరుగుతుంది, కిందికి మాత్రం జారదు. లోపలున్న క్యామ్ తాడును నొక్కేస్తుంది. అంటే ఒక మనిషి చేసే పనిని అరచేతిలో పట్టే లోహపు ముక్కకి అప్పజెబుతున్నాం. మనిషైతే "ఒరేయ్, గేటు మూయలేదు చూసుకో" అని అరుస్తాడు. ఇది అరవదు.

మాది మేళ్లచెరువు. మా దగ్గర ఒంటరిగా ఎక్కడం కొత్త విద్యేమీ కాదు, తాళ్లల్లో రోజూ చూసేదే. ఈ మాట అనగానే మా రూమ్మేట్ పట్టుకున్నాడు: "మరి గౌడన్నలు జీవితాంతం ఒక్క మోకుతోనే ఎక్కట్లేదా? మనకెందుకు రెండు?" మంచి ప్రశ్నే. మోకు చెట్టు చుట్టూ, మనిషి వెనక చుట్టూ తిరిగి ఉంటుంది. వెనక్కి వాలితే బరువు మోకు మీద పడి, గరుకు మొద్దుకి అది అతుక్కుంటుంది. రాపిడే అక్కడ బలం. కానీ ఒక్కో అడుగు పైకెక్కాలంటే మోకును వదులు చేసి పైకి ఎగరేయాలి. ఆ క్షణంలో మనిషిని ఆపేవి కాళ్లూ చేతులే. వాన పడి మొద్దు తడిసిందా, అంతే సంగతి. "మోకు జారి గీత కార్మికుడికి తీవ్ర గాయాలు" అన్న వార్త మన జిల్లా పేజీల్లో చదవని వాళ్లెవరు? ఇంజనీరింగు భాషలో చెప్పాలంటే మోకు నిలబెట్టే సాధనం, పడిపోతే ఆపే సాధనం కాదు. రెండూ వేర్వేరు పనులు.

అందుకే 2024 జూలై 14న రాష్ట్ర ప్రభుత్వం అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం కిట్లు మొదలుపెట్టింది. అందులోని తాళ్లు, క్లిప్పులు, హార్నెస్ అన్నీ కొండలెక్కేవాళ్ల సామాను జాతివే. తాతముత్తాతల నుంచి ఒక్క మోకు మీద ఎక్కినవాళ్లకే రెండో ఆధారం అవసరమని తేలాక, నాలుగు ఆదివారాలు బండ ముట్టుకున్న మనం ఒక్కదానితో ఎక్కుతామనడం ఏం ధైర్యం? మా ఊరి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. అలాంటి చోట ఎత్తులో పనిచేసే వాళ్ల హార్నెస్‌కి రెండు కొక్కేలుంటాయి. ఒకటి తీసి ముందుకు జరిపేటప్పుడు రెండోది తగిలించే ఉండాలి. సూత్రం అదే.

కాబట్టి పరికరాలు రెండు కావాలి. అవి ఒకే రకానివి కాకపోతే ఇంకా మంచిది. మనవాళ్లు మోజుపడుతున్న మైక్రో ట్రాక్షన్ లాంటి వాటి క్యామ్‌కి పళ్లుంటాయి. తాడు మీద హాయిగా జరుగుతుంది, బరువు తక్కువ. కానీ గట్టి కుదుపు వస్తే, సుమారు 4 నుంచి 6 కిలోన్యూటన్ల మధ్య, ఆ పళ్లు తాడు పైతొడుగును చీల్చేస్తాయి. 70 కిలోల మనిషి ఊరికే వేలాడితే 0.7 కిలోన్యూటన్లే గదా అనొద్దు. తాడు బిగువుగా ఉన్నంతవరకే ఆ లెక్క. మీటరు వదులు వదిలి పడితే లెక్క మారిపోతుంది. పైగా దానికి క్యామ్‌ను తెరిచి ఉంచే చిన్న ఏర్పాటు ఉంటుంది. పొరపాటున అది తెరుచుకునే ఉండిపోతే పరికరం ఉన్నా లేనట్టే. అందుకని రెండోది రెస్క్యూసెండర్ లాగా పళ్లు లేనిదైతే ఒకదాన్ని చెడగొట్టే కారణం రెండోదాన్ని చెడగొట్టే అవకాశం తగ్గుతుంది. ఏదైనా సరే, పరికరం మీద రాసిన మందానికి తాడు సరిపోవాలి. చొక్కా అంచు, మెడలో దండ, ఏదీ క్యామ్‌లోకి పోకూడదు.

ఇక అసలు విషయం, పైన కట్టు. 60 మీటర్ల తాడును మధ్యలో కడితే 30 మీటర్ల పాయలు రెండొస్తాయి. పాయకో ఎనిమిది ముడి వేసి, రెండు బోల్టులకు వేర్వేరుగా కట్టాలి. ఒకటి తెగినా రెండోది తన మానాన తాను నిలబడాలి. ఒక్కో పాయ మీద ఒక్కో పరికరం. తాడు సెమీ స్టాటిక్‌దే తీసుకోండి. సాగే తాడైతే వేలాడినప్పుడల్లా అంచు మీద రంపంలా పైకీ కిందికీ ఆడుతుంది. భువనగిరి గ్రానైటు ఎంత గరుకో మోచేతులు గీరుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అంచు దగ్గర మందపాటి గోనెసంచి వేసి, అది జారకుండా కట్టండి. పాయల అడుగున నీళ్ల సీసా కడితే పరికరం దానంతటదే పైకి జరుగుతుంది, వదులు పేరుకోదు.

దిగడం సంగతి మాత్రం మనవాళ్లలో ఒక్కరూ ఎత్తలేదు. పళ్ల పరికరం మీద బరువు వేలాడుతుంటే దాన్ని విప్పలేం. కాలికి ఒక స్లింగ్ ఉచ్చు వేసుకుని, దాని మీద నిలబడి బరువు తీసేస్తేనే అది వదులుతుంది. అప్పటికే దిగే పరికరం, గ్రిగ్రి లాంటిది, తాడుకి ఎక్కించి ఉండాలి. ఇది రాని మనిషి సగం దారిలో అలిసిపోతే పైకి పోలేడు, కిందికి రాలేడు. హార్నెస్‌లో కదలకుండా వేలాడడం తక్కువ సేపట్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే నేలకి రెండడుగుల ఎత్తులో ఈ మార్పిడి పదిసార్లు చెయ్యడం వచ్చేదాకా డబ్బు ఖర్చు పెట్టొద్దంటాను. ఒంటరిగా ఎక్కడమంటే చుట్టుపక్కల మనిషే లేకుండా ఎక్కడం కాదు. కింద చెట్టు నీడన ఫోన్ చూసుకుంటూ ఒకడైనా ఉండాలి.

చివరగా, సెలవుల్లో మా ఊరొచ్చి సున్నపురాయి క్వారీ గోడల మీద సాధన చేద్దామన్న ప్లాన్ గురించి. నేను రాను, మిమ్మల్నీ రానివ్వను. పేలుళ్లతో తవ్విన గోడ అది. పొరలు పొరలుగా ఉన్న రాయి లోపల ఎక్కడ పగిలిందో పైకి కనబడదు. అందులో కొట్టిన బోల్టు రాయితో సహా ఊడొస్తుంది. రెండు పరికరాలున్నా పదున్నా కట్టే ఊడాక అవి పట్టుకునేది ఏముంటుంది? 2014లో ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ, ఆనంద్ కుమార్ సాధన చేసింది భువనగిరి బండ మీదే. అక్కడ నేర్పేవాళ్లున్నారు. మా ఊరికి శివరాత్రి జాతరకి రండి. తాళ్లు మాత్రం హాస్టల్లోనే పెట్టి రండి.