విద్యార్థులు నడచు రాజద్వారము

చీనా చక్రవర్తుల ప్రాసాదమునకు దక్షిణమున వూమెన్ అను మహాద్వారము కలదు. మింగు వంశీయులు 1420లో ప్రాసాదమును పూర్తిచేసిననాటినుండి, అందలి ఐదు మార్గములలో నడిమిది చక్రవర్తికే చెల్లెను. కొలువులోని ఉద్యోగులు తూర్పుదారిని, రాజబంధువులు పడమటిదారిని పోవలసినదే. పట్టమహిషియైనను పెండ్లినాడొక్కసారి మాత్రమే ఆ నడిమిత్రోవ త్రొక్కుటకు నోచుకొన్నది. ఇంతటి కట్టుబాటును సడలించినది విద్య యొక్కటే. చక్రవర్తి సమక్షమున జరుగు పరీక్షలో మొదటి మూడు స్థానములు గెలిచినవారు, ఏ మారుమూల పల్లెలో ఏ పేదయింట పుట్టినవారైనను, ఫలితములు చాటిననాడు ఆ నడిమి ద్వారముననే తలయెత్తుకొని వెలికి నడచి రావచ్చును. అట్లని ఆ గౌరవమును మరీ ఆకాశమునకెత్తనక్కరలేదు. రాజునకు రుచింపని హితము చెప్పిన ఉద్యోగులకు మింగుల కాలమున కఱ్ఱదెబ్బలు, ఒక్కొక్కప్పుడు ప్రాణములు పోవునన్ని దెబ్బలు, తగిలినదియు ఆ ద్వారమునెదుటనే.

గద్వాల కోటవాకిలి చూచినప్పుడెల్ల నాకీ నియమము జ్ఞప్తికి వచ్చును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, పూడూరు విడిచివచ్చి సోమభూపాలుడు, జనులు నల్ల సోమనాద్రియని పిలుచుకొను దొర, కట్టించిన మట్టికోట యిది; కోటలోపల చెన్నకేశవస్వామి వెలసియుండుటచేత, దొరతో పనిలేనివారికి సయితము దేవునితో పనియుండి, ఈ వాకిలి కేవలము రాజులది కాకపోయెను. ఏరు దాటి, ఎండకోర్చి, తాటాకు గ్రంథములు చంకనిడుకొని వచ్చిన పండితులవలన ఈ యూరు విద్వద్గద్వాలయని పేరొందెను. తిరుపతి వేంకటకవులంతటివారు ఇచ్చట సన్మానమందినవారే. ఐనను ఆ సత్కారము శ్లోకము చెప్పగలవారికే గాని, వాకిటి యెదుట ఎద్దులు తోలుకొనిపోవు కాపు బిడ్డకు కాదు.

1924 నవంబరులో కడపటి చక్రవర్తి పూయీని సైనికులు ప్రాసాదమునుండి వెడలగొట్టిరి. మరుసటి యేడు అక్టోబరు 10న అది వస్తుప్రదర్శనశాలయై ప్రజలకు తెరువబడినది. గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పాలనకు వచ్చినదియు ఆ 1924లోనే. ఇరువదియైదేండ్లకు, 1949లో జాగీర్ల రద్దుతో, సంస్థానము ముగిసినది. ఈ కోటలో మిగిలినది ప్రదర్శనశాల కాదు, ఆ మహారాణి పేరనే నడచుచున్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల. వనపర్తి సంస్థానపు రాజభవనమునను 1959లో పాలిటెక్నిక్కు నెలకొన్నది.

చారిత్రక కట్టడమున కళాశాల యేమిటి, పిల్లలను వేఱొకచోటికి పంపి యాత్రికులకై కోటను అలంకరింపరాదా యని అడుగువారు కలరు. నాకీ మాట సమ్మతము కాదు. 2011 జనాభా లెక్కలప్రకారము నేటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో నూటికి ఏబదిమంది సయితము చదువనేర్చినవారు లేరు. అట్టిచోట ఊరి నడిబొడ్డుననున్న కళాశాలను ఊరవతలికి త్రోసినయెడల, బస్సు దిగి నడచివచ్చు ఆడపిల్లలలో ఎందఱు చదువు మానుదురో ఎవరు లెక్కింతురు? చీనాలో మూడేండ్లకొకమాఱు ముగ్గురికి దక్కిన మర్యాద ఇచ్చట ప్రతిదినము వందలమందికి దక్కుచున్నది.

కాని, కళాశాల యున్నదను మిషతో కోటను కూలనిచ్చుటయు అన్యాయమే. గోడలలో రావిమొక్క వేరుపాఱినచో చిన్ననాడే పెఱికివేయవలెను, బురుజుపైని వాననీరు నిలువక జాఱిపోవు త్రోవ చేయవలెను. ఇక మరమ్మతనగానే సిమెంటు బస్తాలు దింపుట గుత్తేదార్లకు అలవాటు. మట్టిగోడకు సిమెంటు పూసిన లోనిచెమ్మ వెలికి పోలేక, పైపూత నిగనిగలాడుచుండగనే గోడ లోలోపల కుళ్లి, ఒక వానకాలమున పెళ్లలుగా విఱుగును. దానికి తగినది డంగుసున్నము. గానుగలో సున్నము నూఱు పనివారు తఱుగుచున్నారు గనుక, పురావస్తుశాఖవారు ఉన్నవారిని పిలిపించి పని చేయించుచు, పడుచువారికి ఆ పని నేర్పింపవలెను.

వనపర్తి పాలిటెక్నిక్కులో సివిల్ ఇంజనీరింగు చదువు పిల్లలను ఒక సెలవులలో గద్వాలకు పంపి, కోటవాకిలి ఎత్తు, వెడల్పు, కమాను వంపు, బీటలున్న తావులు కొలిపించి పటము గీయించినచో, మరమ్మతునకు ముందు కావలసిన లెక్క చేతికందును. సంస్థానము విడిచిన భవనమున చదువుకొనువారు మఱియొక సంస్థానపు ద్వారమును కొలుచుటకు పెద్ద నిధులేమియు అక్కరలేదు, ఇద్దఱు ప్రిన్సిపాళ్లు ఒకరికొకరు జాబు వ్రాసికొన్నను చాలును.